కిస్తీకి పరస్థానం

ఫిల్మ్ నగర్‌లో కథ లేకుండా సినిమా మొదలవుతుంది. హీరోయిన్ లేకుండా మొదలవుతుంది. ఒక్కోసారి నిర్మాత దగ్గర డబ్బు లేకుండా కూడా మొదలవుతుంది. ముహూర్తం లేకుండా మాత్రం చచ్చినా మొదలవదు. ఆ ముహూర్తాలు పెట్టే నలుగురైదుగురిలో వీరభద్రం ఒకడు. రేపల్లె నుంచి పాతికేళ్ళ కిందట మేనమామ వెంట వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మొదటిరోజు దేవుడి పటాల ముందు కొట్టే కొబ్బరికాయ దగ్గర్నుంచి షూటింగ్ ఆఖరిరోజు కొట్టే గుమ్మడికాయ దాకా అంతా ఆయన చేతిమీదే నడుస్తుంది. ఆ రెంటి మధ్యా సినిమా ఏమైపోతుందన్నది ఆయన పూచీ కాదు. ఆయన ముహూర్తం పెట్టినవాటిలో ఆడిన సినిమాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఫోన్లో ఎవరికైనా చూపించే ఫోటోలు మాత్రం ఆ సినిమాలవే.

ఇందులో ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. జూబ్లీ హిల్స్‌లో అందరూ చేసే పని అదే.

ఈ ఊళ్ళో పంతులుకి పంచాంగం ఒక్కటే చాలదు, కారు కూడా ఉండాలి. ఆటోలోంచి దిగిన పంతులు పెట్టిన ముహూర్తానికి సినిమా ఆడదని ఎవరో ఎప్పుడో అన్నారు, అది శాస్త్రమైపోయింది. అందుకని వీరభద్రం లోను మీద తెల్లకారు కొన్నాడు. కారొచ్చాక బ్యాంకువాళ్ళు పిలిచి మరీ క్రెడిట్ కార్డు చేతిలో పెట్టారు. కార్డు వచ్చిన సంగతి ఎలా తెలిసిందో నిర్మాతలకి తెలిసింది. "పంతులుగారూ, పూజ సామాను మీరే తెప్పించెయ్యండి, తరవాత చూసుకుందాం," అనడం మొదలుపెట్టారు. సినిమా భాషలో తరవాత అంటే రిలీజయ్యాక అని అర్థం. సగం సినిమాలు రిలీజే కావు.

అయినా వీరభద్రం ఎవరికీ ఒక్క రూపాయి ఎగ్గొట్టిన మనిషి కాదు. కారు కిస్తీ కట్టాడు, కార్డు బిల్లు కట్టాడు, వాళ్ళు వేసిన జరిమానాలు కూడా తిట్టుకుంటూ కట్టాడు. కాకపోతే ఏదైనా మంచిరోజు చూసి కట్టాడు. శుక్రవారం లక్ష్మిని గడప దాటించకూడదు. అమావాస్యనాడు పైసా తియ్యకూడదు. అప్పు తీర్చడానికి మంగళవారం మంచిదే గానీ ఆ మంగళవారం అష్టమో నవమో కాకుండా ఉండాలి. ఇక మూఢం పెట్టిందంటే మూఢం వెళ్ళేదాకా బ్యాంకువాళ్ళు కూర్చోవలసిందే. బ్యాంకే నేరుగా ఖాతాలోంచి కిస్తీ తీసుకునే ఏర్పాటు ఉండేది. యంత్రానికి వారం వర్జ్యం ఏం తెలుసునని దాన్ని ఆయనే రద్దు చేయించాడు.

రికవరీ కుర్రాళ్ళు ఫోన్ చేస్తే వీరభద్రం చాలా ఓపిగ్గా మాట్లాడేవాడు. "బాబూ, ఎల్లుండి దశమి. ఉదయం తొమ్మిదిన్నర తరవాత ఇస్తాను. అది మీ బ్యాంకుకి కూడా మంచిది," అని వాళ్ళ క్షేమం కూడా కోరేవాడు.

ఇలా ఎన్నాళ్ళయినా సాగేదే. రమామణికి దుకాణం కొనుక్కోవాలని లేకపోతే.

రమామణి ఆయన భార్య. ఫిల్మ్ నగర్ దిగువ వీధిలో ఒక కిరాయి గదిలో వంట చేసి ఎడిటింగ్ రూములకీ డబ్బింగ్ థియేటర్లకీ క్యారేజీలు పంపుతుంది. డబ్బింగ్ చెప్పేవాళ్ళకి పెరుగు వెయ్యదు, గొంతు పోతుందని. వాళ్ళకి మిరియాల చారు వేడివేడిగా పంపుతుంది. ఎడిటింగ్ వాళ్ళకి పప్పు తక్కువ వేస్తుంది, తిని నిద్రపోతున్నారని దర్శకులు గొడవ చేశారట. ఆమె చేతి వంటకి పేరుంది గానీ ఆమెకి ఒక చోటు లేదు. ఇంతకుముందు మూడు చోట్ల పొయ్యి పెట్టింది. మూడు చోట్లా జరిగింది ఒకటే. నాలుగు క్యారేజీలు నలభై అయ్యేసరికి ఇంటివాడు వచ్చి గది ఖాళీ చెయ్యమనడం, నెల తిరక్కుండా అక్కడ వాడి బావమరిది కర్రీ పాయింట్ పెట్టడం. మూడోసారి కుంపటీ గిన్నెలూ రోడ్డు మీద పెట్టుకుని కూర్చున్న రోజున రమామణి ఏడవలేదు. ఇంకోసారి పొయ్యి వెలిగిస్తే అది నా సొంత గోడల మధ్యే వెలగాలి అని మాత్రం అంది.

అన్నా, మళ్ళీ కిరాయికే దిగాల్సి వచ్చింది. ఈసారి ఇంటివాడు బాలనర్సయ్య అనే పెద్దాయన. ఆయనకి బావమరుదులు లేరు. రోజూ మధ్యాహ్నం రమామణి పంపే క్యారేజీ తినేవాడు, కిరాయిలో పట్టుకొమ్మనేవాడు.

ఒకరోజు ఆయనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మా, గీ గది అమ్ముదామనుకుంటున్న. ముంగట నిన్నే అడుగుతున్న. నీకొద్దంటేనే బయటోళ్ళకిస్త. ఫికర్ చెయ్యకు, ధర కూడా జర చూసి చెప్త."

రమామణి దగ్గర చీటీల డబ్బు కొంత ఉంది. మిగతాది బ్యాంకు ఇవ్వాలి. ఆమె వ్యాపారమంతా చేతిలో డబ్బు చేతిలోనే, కాగితం మీద ఏమీ లేదు. కాబట్టి లోను కాగితాల్లో మొగుడి పేరు కూడా ఉండాలన్నారు. "దానికేం, నా పేరు చెబితే చాలు," అని వీరభద్రం జరీ అంచు కండువా వేసుకుని చెక్ పోస్టు దగ్గర బ్యాంకుకి బయల్దేరాడు. మంచి లగ్నం చూసుకునే వెళ్ళాడు.

లోన్ల సెక్షన్‌లో ఉదయశ్రీ అనే అమ్మాయి కంప్యూటర్‌లో ఆయన పేరు కొట్టి, కాసేపు చూసి, కుర్చీ ముందుకి జరుపుకుంది.

"సార్, గిది కాదు సార్. మీ సిబిల్ స్కోరు చాలా తక్కువున్నది. ఆరొందలు కూడా లేదు. మినిమం ఏడొందల యాభై దగ్గర్ల ఉండాలె."

"నేను ఎవరికీ ఎగ్గొట్టలేదమ్మా. కావాలంటే ఎవర్నైనా అడుగు."

"ఎగ్గొట్టిన్రని నేనెందుకంట సార్? అంతా కట్టిన్రు. కానీ ప్రతిసారి లేటుగ కట్టిన్రు. చూడున్రి, గీ నెల వారం లేటు. గీ నెల పదిహేను దినాలు. గీడైతే రెండు నెలలు అసలే కట్టలే."

వీరభద్రం అద్దాలు పెట్టుకుని చూశాడు. "అది శుక్ర మూఢం అమ్మా."

ఉదయశ్రీ నవ్వలేదు. ఆ పిల్ల మర్యాదస్తురాలు. "మూఢం నాకెర్కనే సార్. మా అక్క పెండ్లి కూడ గట్లనే ఆగింది. కానీ మా సిస్టంకి ఎర్క లేదు సార్. ఇచ్చిన్రా లేదా అని అది చూడదు. ఎప్పుడిచ్చిన్రు అనేదే చూస్తది."

ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందంటే ఇదే. వీరభద్రం బయటికి వచ్చి కారులో కూర్చుని చాలాసేపు స్టార్ట్ చెయ్యలేదు. ఈ కారు మీదా, కార్డు మీదా, కంప్యూటర్ కనిపెట్టినవాడి మీదా పట్టరాని కోపం వచ్చింది. ఆ మూడింటికీ అవతల రమామణి మొహం ఉంది. దాన్ని మాత్రం తలుచుకోలేకపోయాడు.

ఇంటికెళ్ళి చెప్పాడు. రమామణి విని, కందిపప్పు ఏరుతూ, "అయితే ఎలా బాగుపడుతుందిట?" అని అడిగింది. అంతే. ఆమె ఒక్క మాట తిట్టి ఉంటే వీరభద్రానికి కాస్త హాయిగా ఉండేది.

ఎలా బాగుపడుతుందో ఉదయశ్రీ చెప్పింది. పాత కార్డు మీద నెలనెలా కొంత కట్టగా మిగిలిన బాకీ మొత్తం తీర్చెయ్యాలి. సగం ఇచ్చి సెటిల్ చేసుకోమని ఫోన్లొస్తాయి, చేసుకోవద్దు, అది కూడా మచ్చే. కాస్త డబ్బు డిపాజిట్ చేసి దాని మీద చిన్న కార్డు తీసుకోవాలి. దాంతో పెట్రోలు పోయించుకోవాలి, అంతకుమించి గీకకూడదు, బిల్లు రాగానే మొత్తం కట్టెయ్యాలి. కనబడ్డ బ్యాంకులోనల్లా లోనుకి అర్జీ పెట్టకూడదు. చెక్ పోస్టు దగ్గర ఒకడు స్కోరు కడిగిస్తానని బోర్డు పెట్టుకున్నాడు, వాడి సంగతేమిటని వీరభద్రం అడిగితే, "వాడు కడిగేది మీ జేబు సార్," అంది. అన్నిటికంటే ముఖ్యంగా, కిస్తీ ప్రతి నెలా అయిదో తారీకున పడిపోవాలి. అయిదో తారీకు అమావాస్య అయినా సరే. డిపాజిట్ కోసం తెరిచిన కొత్త ఖాతాలోంచి బ్యాంకే కిస్తీ తీసుకునేలా పాత ఏర్పాటు మళ్ళీ పెట్టించింది కూడా.

వీరభద్రం అన్నిటికీ తలూపాడు, ఆఖరుదానికి తప్ప. మొదటి నెల అయిదో తారీకు సరిగ్గా శుక్రవారం వచ్చింది. దాని మీద అష్టమి. ముందు రోజు సాయంత్రం నుంచే ఇంట్లో బోనులో పులిలా తిరిగాడు. పాతికేళ్ళుగా ఊళ్ళోవాళ్ళకి చేయొద్దని చెప్పిన పని తానే ఎలా చేసేది? చేస్తే తను చెప్పినదంతా అబద్ధమనే కదా! చెయ్యకపోతే రమామణి గది పోతుంది.

రమామణి పులుసులో పోపు వేసి వచ్చి చేతులు తుడుచుకుంది. "ఏవండీ, మా నాన్న ప్రయాణానికి మంచిరోజు కుదరకపోతే ఏం చేసేవారో గుర్తుందా?"

"ఏం చేస్తారు, పరస్థానం పెట్టేవారు." మంచి ఘడియలో సంచీ ఒకటి తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టేస్తే మనిషి బయల్దేరినట్టే లెక్క. ఆ తరవాత ఏ దుర్ముహూర్తంలో బండెక్కినా దోషం లేదు. మన పెద్దవాళ్ళు శాస్త్రం ఎంత గట్టిగా కట్టారో దానికి దొడ్డిగుమ్మం కూడా అంత చక్కగా పెట్టారు.

"మరి కిస్తీకి కూడా పెట్టండి పరస్థానం. డిపాజిట్ కోసం తెరిచిన కొత్త ఖాతా ఉందిగా. నెల మొదట్లోనో అంతకుముందో మంచి తిథి చూసి డబ్బు అందులో పడేయండి. మీ చేతిలోంచి లక్ష్మి మంచిరోజునే బయల్దేరింది. తరవాత అయిదో తారీకున తీసుకుంటే ఆ పాపం బ్యాంకుది."

వీరభద్రం భార్య వంక చూశాడు. ధర్మశాస్త్రాలన్నీ వెతికినా ఇంతకన్నా మంచి పరిహారం దొరకదు. ఆ సాయంత్రమే మంచి హోర చూసుకుని కాళ్ళు కడుక్కుని తూర్పుముఖంగా కూర్చుని ఫోన్లో మీట నొక్కాడు. మర్నాడు శుక్రవారం, అష్టమి, బ్యాంకు వచ్చి తీసుకుపోయింది. ఆయన అటువైపు చూడను కూడా లేదు.

ఆ విధంగా కిస్తీ దారిన పడింది గానీ కార్డుకి ఇంకో గండం ఉంది. వెంకటేశ్వరరావు అని ఒక నిర్మాత. రెండు ఫ్లాపులు తీసి మూడోదానికి సిద్ధపడ్డ ధైర్యవంతుడు. పూజ ముందురోజు ఫోన్ చేసి, "పంతులుగారూ, పూలూ పందిరీ సామానూ అంతా మీ కార్డు మీద లాగించెయ్యండి," అన్నాడు.

పాత వీరభద్రమైతే లాగించేవాడే. ఇప్పుడు కాదనాలి. కాదంటే ఈ నిర్మాత రేపు ఇంకో పంతుల్ని పిలుస్తాడు. ఒక్క క్షణం ఆలోచించి, గొంతు తగ్గించి అన్నాడు. "మీ ఇష్టం బాబూ. కానీ అప్పు మీద తెచ్చిన కొబ్బరికాయ కొడితే ఆ సినిమా అప్పుల్లోనే మునుగుతుందని శాస్త్రం. మీ వెనకటి రెండు సినిమాలకీ కాయలు నా కార్డు మీద తెచ్చినవే. నేనప్పుడు గమనించుకోలేదు."

అరగంటలో డబ్బు చేతికొచ్చింది, దక్షిణతో సహా. వెంకటేశ్వరరావు ఊరుకోలేదు, క్లబ్బులో నలుగురికీ చెప్పాడు. నెల తిరిగేసరికి ఫిల్మ్ నగర్‌లో అప్పు కొబ్బరికాయ అన్న మాట పుట్టింది. కాయ కొట్టే ముందు "నగదే కదా?" అని అడిగి మరీ కొడుతున్నారు. అది ఏ శాస్త్రంలో ఉందని వీరభద్రాన్ని ఒక్కరూ అడగలేదు. పాతికేళ్ళలో ఆయన చెప్పినవాటిల్లో తాను సొంతంగా కల్పించింది అదొక్కటే, నూటికి నూరుపాళ్ళు పనిచేసింది కూడా అదొక్కటే.

ఏడాదిన్నర అలా నడిచింది. స్కోరు మొదట్లో కదల్లేదు. తరవాత పిల్లకాయ నడిచినట్టు నాలుగడుగులు వేసింది, ఒకసారి ఎందుకో పడింది, మళ్ళీ లేచింది. ఈలోపల గది అమ్ముడుపోకుండా కాపాడింది బాలనర్సయ్య కొడుకులిద్దరూ. వాటాల దగ్గర ఇద్దరూ కొట్టుకుని కోర్టుకెళ్ళారు. వాళ్ళు కొట్టుకున్నన్నాళ్ళూ రమామణి పొయ్యి వెలిగింది. పక్కవాళ్ళ ఇంట్లో గొడవలు పెరగాలని దేవుణ్ణి కోరడం పాపమని తెలిసి కూడా వీరభద్రం రెండుసార్లు కోరాడు.

స్కోరు ఏడొందల యాభై దాటిన వారానికే బ్యాంకు లోను మంజూరు చేసింది. ఆ వారమే కొడుకులు రాజీ పడ్డారు. బాలనర్సయ్య పరుగులాంటి నడకతో వచ్చాడు.

"అమ్మా, మంగళవారం రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం. మల్ల మా పోరగాళ్ళు ఎప్పుడు కొట్టుకుంటరో తెల్వదు. బిర్యానీ కంపెనీవోడు డబల్ ఇస్తనని చిన్నోని ఎంబడి తిరుగుతుండు. నేను మాటిచ్చిన గనక ఆపిన. గా మంగళవారం దాటితె నా మాట ఎవ్వడు ఇనడు."

అప్పటికి మూఢం పెట్టి పదిరోజులైంది. ఇంకా రెండు నెలలుంది. పైగా మంగళవారం, ఆ రోజు చేసిన అప్పు తీరదంటారు. పరస్థానం పెట్టడానికి గది సంచీ కాదు. ఇంకో సంగతి, మూఢంలో కొత్తపని వద్దని వెంకటేశ్వరరావు నాలుగో సినిమాని వారం కిందట తనే ఆపించాడు. హీరో డేట్లు పోతున్నా ఆ మనిషి నోరెత్తకుండా ఆగాడు. మూఢం పెట్టి అందర్నీ ఆపిన పంతులు తాను మాత్రం గది కొనుక్కున్నాడంటే ఆ కబురు సాయంత్రానికి జూబ్లీ హిల్స్ అంతా తిరుగుతుంది. తరవాత ఆయన చేత కొబ్బరికాయ ఎవరూ కొట్టించరు. ఇదంతా రమామణికీ తెలుసు. ఆమె వెళదామని అనలేదు, మానేద్దామనీ అనలేదు. సోమవారం రాత్రి బయటికి తొడిగేదొకటీ ఇంట్లో తొడిగేదొకటీ రెండు చొక్కాలు ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసింది, ఏది తొడుక్కుంటాడో ఆయన ఇష్టమన్నట్టు.

మంగళవారం ఇద్దరూ రిజిస్ట్రార్ ఆఫీసు బెంచీ మీద కూర్చున్నారు. ఉదయశ్రీ బ్యాంకు చెక్కుతో, బాలనర్సయ్య ఇద్దరు కొడుకులతో ఎదురుగా ఉన్నారు. సర్వర్ పనిచెయ్యక పొద్దున్నించీ కూర్చోబెట్టి, తీరా మూడు దాటాక వీళ్ళ నంబరు పిలిచారు. మంగళవారం మూడింటి నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం.

రమామణి లేవలేదు. భర్త చెవి దగ్గరగా వంగి, "మన తరవాతివాళ్ళని ముందు పంపమని అడగనా? నాలుగున్నర దాకా ఆగుదాం," అంది.

ఆమె చాలా మామూలుగా అంది. ఇన్నేళ్ళూ ఇలాగే ఆగింది. మూడు వంటగదులు పోతున్నా ఆయన తిథుల పక్కన నిలబడి ఆగింది.

"రమా, నీకో మాట చెప్పనా. చేతిలో డబ్బున్న నెలలో నాకు అష్టమి అడ్డం వచ్చేది కాదు. లేని నెలలోనే తిథులన్నీ గుర్తొచ్చేవి. ఆ రెండు నెలలూ... మూఢం లేకపోయినా కట్టలేకపోయేవాణ్ణి."

"తెలుసు," అంది రమామణి.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి ఎప్పుడూ అనలేదేం?"

ఆమె కొంగు సర్దుకుంది. "అని ఉంటే మర్నాడు మీరు వెళ్ళి ఆ పీట మీద కూర్చోగలిగేవారా?"

లోపలినుంచి నంబరు మళ్ళీ పిలిచారు. వీరభద్రం లేచాడు. భార్యకి చెయ్యి అందించి లేపాడు, పదిమందిలో అలా చెయ్యి పట్టుకోవడం పెళ్ళినాటి తరవాత ఇదే. లోపల గుమాస్తా కాగితాలు ముందుకి తోసి, పాపం ఆయన కండువా, బొట్టూ చూసి, "పంతులుగారూ, ఇప్పుడు రాహుకాలం కదా, కాసేపు ఆగుతారా?" అని మర్యాదగా అడిగాడు.

"ఆగం," అన్నాడు వీరభద్రం, చూపించిన మొదటి చోట సంతకం పెడుతూ. "ఇప్పటికే చాలా లేటయింది."